పాలక్కాడ్ బడిలో లిటిల్ కైట్స్

శబరి ఎక్స్‌ప్రెస్ అంటే మనవైపు వాళ్లకి అయ్యప్ప దీక్షలే గుర్తుకొస్తాయి. నేను తెనాలిలో ఎక్కింది జులైలో. ఇరుముళ్లు లేవు, శరణుఘోష లేదు. బోగీలో సెలవుకి ఊరెళ్తున్న మలయాళీ నర్సులు, కోయంబత్తూరులో దిగే బట్టల వ్యాపారులు ఉన్నారు. ఎదురు సీటాయన కేరళకి ఏం పనిమీద వెళ్తున్నారని అడిగాడు. బడి చూడ్డానికన్నాను. "పిల్లల్ని అక్కడ చేరుస్తారా?" అన్నాడు. "కాదండీ, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. అక్కడి సర్కారు బళ్లలో కంప్యూటర్లతో పాఠం ఎలా చెప్తున్నారో చూసి రావాలని" అన్నాను. ఆయన కాసేపు నావైపే చూసి, పులిహోర పొట్లం విప్పి సగం నాకు పెట్టాడు.

గూడూరు వచ్చేసరికి బాగా చీకటి పడింది. అక్కణ్ణుంచి సముద్రం వైపు వెళ్తే శ్రీహరికోట. కేవలం చదువుల కోసమే తయారుచేసిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని 2004 సెప్టెంబరులో అక్కణ్ణుంచే పైకి పంపారు. దాన్ని అందిపుచ్చుకుని కేరళ 2005 జులైలో విక్టర్స్ అనే చదువుల ఛానెల్ పెట్టుకుంది. రాష్ట్రపతిగా ఉన్న అబ్దుల్ కలాం వచ్చి ప్రారంభించారు. ఉపగ్రహం ఎప్పుడో పని ఆపేసింది, ఛానెల్ మాత్రం ఇంకా నడుస్తోంది. 2020లో కరోనాతో బళ్లన్నీ మూతపడినప్పుడు, జూన్ 1కల్లా 'ఫస్ట్ బెల్' పేరుతో అందులోనే పాఠాలు మొదలుపెట్టారు. టీవీ లేని ఇళ్ల పిల్లల కోసం గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో టీవీలు పెట్టారు. మనకీ 'మన టీవీ' అనే చదువుల ఛానెల్ ఉండేది, తెలంగాణలో ఇప్పుడు టి-సాట్ ఉంది. అయినా మన తీరం నుంచి లేచిన ఉపగ్రహాన్ని అంత పట్టుదలగా వాడుకున్న బళ్లని ఒక్కసారైనా చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

తెల్లారాక కిటికీ పక్కన కూర్చోండి, నిద్రపోవద్దు. కోయంబత్తూరు దాటాక పడమటి కనుమల గోడకి పెద్ద సందు వస్తుంది. అదే పాలక్కాడ్ కనుమ. రైలు అందులోంచి దూరుతుంటే గాలి ఒక్కసారిగా ముఖానికి కొడుతుంది. అటు పొడి నేల, ఇటు నీళ్లు నిలిచిన వరిచేలు, గట్లమీద వరసగా తాటిచెట్లు. కేరళ అంటే కొబ్బరిచెట్లేననుకుని వచ్చిన నాకు దివిసీమలో దిగినట్టనిపించింది.

పాలక్కాడ్ జంక్షన్ ఊళ్లో ఉండదు, ఒలవక్కోడ్‌లో ఉంటుంది. అక్కణ్ణుంచి టౌన్‌కి బస్సు పట్టాలి. బస్సుల మీద బోర్డులన్నీ మలయాళమే. ఆ అక్షరాలు మన అక్షరాలకి మేనత్త కూతుళ్లలా గుండ్రంగా, తెలిసిన ముఖాల్లా కనిపిస్తాయి. పలకరిస్తే ఒక్కటీ పలకదు. చివరికి ఒక పెద్దావిడని "చేచ్చీ" అని, అంటే అక్కా అని పిలిచి ఫోన్‌లో ఊరి పేరు చూపించాను. ఆవిడ తన బస్సు వదులుకుని, నా బస్సు వచ్చేదాకా నిలబడి, కండక్టరుకి నన్ను అప్పగించి వెళ్లింది.

మర్నాడు పొద్దున బడి ఉన్న ఊళ్లో మర్రిచెట్టు తిన్నె దగ్గర దిగాను. అక్కణ్ణుంచి పొలాల మధ్య సన్నటి సిమెంటు దారి, ఆ దారికి చీలికలు. ఫోన్‌లో మ్యాపు బడిని కాలవ మధ్యలో చూపిస్తోంది. ఎవర్ని అడిగినా "నేరే, నేరే" అంటారు. తిన్నగా వెళ్లమని. తిన్నగా వెళ్లడానికి అక్కడ ఏ దారీ తిన్నగా లేదు. కాలవగట్టు మీద గొడుగులు పట్టుకుని వస్తున్న ఇద్దరు యూనిఫాం పిల్లలు కనిపించకపోతే ఇంకెంతసేపు తిరిగేవాణ్ణో. వాళ్లు నన్ను మధ్యలో పెట్టుకుని, గొడుగు నావైపు వంచి, ముందు ఒక చాయ కొట్టు దగ్గర ఆపారు. బడికి ఇంకా టైముందట.

అక్కడ దొరికిన రామశ్శేరి ఇడ్లీ గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. పాలక్కాడ్ దగ్గరి రామశ్శేరి అనే ఊరి పేరుతో చలామణి అయ్యే ఇడ్లీ అది. మన ఇడ్లీలా బొద్దుగా ఉండదు. చిన్న ఊతప్పంలా పలచగా, వెడల్పుగా ఉంటుంది. మట్టిపాత్ర మీద గుడ్డ కట్టి, దానిమీద పిండి పోసి ఆవిరికి ఉడికిస్తారు. పొడిలో నూనె వేసుకుని తింటుంటే గుంటూరు కారప్పొడి గుర్తొచ్చి, ఇదింకాస్త ఘాటుగా ఉంటే బాగుండుననిపించింది. గ్లాసులో నీళ్లు గులాబీరంగులో, గోరువెచ్చగా ఉన్నాయి. పతిముఖం అనే చెక్క వేసి కాచిన నీళ్లట. వెళ్లినప్పుడు మీకూ ఆ రంగు నీళ్లే పెడతారు, జంకకుండా తాగండి.

బడి పేరూ, ఊరి పేరూ రాయను. లోపలికి రానిచ్చేముందు హెడ్మిస్ట్రెస్ పెట్టిన షరతు అది. పిల్లలు ఆడవాళ్లని 'టీచర్' అనీ, మగవాళ్లని 'మాష్' అనీ పిలుస్తున్నారు. నేను వచ్చిన కాసేపటికే 'ఆంధ్ర మాష్' అయిపోయాను.

మొదట తరగతి గది చూడగానే ఇంతేనా అనిపించింది. పైకప్పుకి బిగించిన ప్రొజెక్టరు, బల్లమీద ఒక లాప్‌టాప్, ఒక స్పీకరు, తెల్లటి తెర. మా బడిలో ఇంతకంటే ఖరీదైన సరుకుంది. వేలితో గీసుకునే పెద్ద ప్యానెల్ ఉంది. ఆంధ్రలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబ్‌లే ఇచ్చారు. ఇక్కడ 2018లో హైటెక్ స్కూల్ పథకం కింద 4,752 బళ్లలో, ఎనిమిది నుంచి పన్నెండో తరగతి దాకా 45,000 గదులని ఇలా అమర్చారు. అంకె పెద్దదే, కానీ గదిలో నిలబడి చూస్తే మామూలు గది. బెంచీల మీద బ్లేడుతో చెక్కిన పేర్లతో సహా.

తేడా పాఠం మొదలయ్యాక తెలిసింది. పదో తరగతి, వృత్తాలు. టీచర్ జియోజెబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఒక వృత్తం, దానికి అడ్డంగా వ్యాసం గీసింది. వ్యాసం రెండు చివర్ల నుంచి ఒక బిందువుకి గీతలు కలిపింది. ఆ బిందువు దగ్గర కోణం ఎంతో పక్కనే అంకె కనిపిస్తోంది. తర్వాత ఆవిడ ఏమీ చెప్పలేదు. ఒక అమ్మాయిని పిలిచి మౌస్ ఇచ్చింది. అమ్మాయి బిందువుని వృత్తం లోపలికి లాగింది. 104, 118, 131. బయటికి లాగింది. 71, 63. సరిగ్గా గీతమీదకి తెచ్చేసరికి 90. గీతమీదే అటూ ఇటూ జరిపింది. 90, 90, 90. వెనక బెంచీల్లోంచి ఎవడో "ఎక్కడ పెట్టినా అంతే!" అని అరిచాడు.

ఈ సిద్ధాంతం నేను ఏటా చెప్తాను. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం అని ముందు బోర్డు మీద రాసి, తర్వాత నిరూపించి, కింద గీత గీస్తాను. ఇక్కడ ఆ వాక్యం ఆఖరున, ఒక పిల్లాడి నోట్లోంచి వచ్చింది.

అంతటితో ఆగలేదు. "బిందువుని వ్యాసం చివరి దాకా తీసుకెళ్తే?" అని ఒకడు అడిగాడు. అమ్మాయి తీసుకెళ్లింది. అంకె మాయమై ప్రశ్నగుర్తు వచ్చింది. గది అంతా గోల. కంప్యూటరు చెడిపోయిందని కొందరు, సున్నా అని కొందరు, ఇంకా తొంభయ్యేనని కొందరు. టీచర్ ఆ గోలని సాగనిచ్చింది. చివరికి కిటికీ పక్కన కూర్చున్న ఒక నెమ్మది పిల్ల లేచి, కోణానికి రెండు భుజాలు కావాలి కదా, రెండు బిందువులు ఒకటైపోతే ఒక భుజమే లేదు, ఇక కొలవడానికేముందని అంది. నాకు లేచి నిలబడి చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా.

అదే సమయానికి బయట వాన అందుకుంది. కరెంటు పోయింది. తెర నల్లబడింది. మా దగ్గరైతే ఈపాటికి పిల్లలు నోటుపుస్తకాలు మూసేసేవాళ్లు. టీచర్ మాత్రం ఇద్దర్ని పిలిచి బల్లమీద కాగితం పరిపించింది. రెండు పెన్నులు కదలకుండా నిలబెట్టి పట్టుకోమంది. వాటి మధ్య మూలమట్టం పెట్టి, దాని రెండంచులూ పెన్నుల్ని వదలకుండా జరుపుతూ, లంబకోణం మూల ఎక్కడెక్కడికి వెళ్తుందో చుక్కలు పెట్టమంది. చుక్కలన్నీ కలిపితే అర్ధవృత్తం! ఇందాక తెరమీద చూసిందాన్నే అటునుంచి నరుక్కొచ్చారన్నమాట. కరెంటు వచ్చేసరికి ఆ కాగితం చుట్టూ తరగతి సగం గుమిగూడి ఉంది. ఆ టీచర్‌కి జియోజెబ్రా ఎంత చేతిలో పనో, మూలమట్టమూ అంతే చేతిలో పని. నేను పాలక్కాడ్ వెళ్లింది దీన్ని చూడ్డానికేనని ఇప్పుడనిపిస్తుంది.

ఆవిడకి ఇదంతా ఎవరు నేర్పారని తర్వాత స్టాఫ్ రూమ్‌లో అడిగాను. "ఇంకో టీచరే" అన్నారు. ఇక్కడి కథ 2001లో ఐటీ ఎట్ స్కూల్ పేరుతో మొదలైంది. 2017లో అదే 'కైట్' అనే సంస్థ అయింది. మొదటినుంచీ బడి టీచర్లలోంచే కొందర్ని తీసుకుని శిక్షకులుగా తయారుచేస్తూ వచ్చారు. పాఠం చెప్పేవాళ్లకే తెలుస్తుంది ఎక్కడ నొప్పో. మాకూ శిక్షణ జరిగింది, ఆన్‌లైన్‌లో, ప్యానెల్ స్విచ్చులు ఎక్కడున్నాయో చూపించి ముగించారు. ఇక్కడ 'సమగ్ర' అనే పోర్టల్‌లో పాఠం వారీగా బొమ్మలు, వీడియోలు, పాఠ్యప్రణాళికలు ఉన్నాయి. 2024 మేలో 8 నుంచి 12 తరగతులు చెప్పే 80,000 మంది టీచర్లకి కృత్రిమ మేధ మీద కూడా శిక్షణ మొదలుపెట్టారు. జీవశాస్త్రం మాష్ ఒకాయన దాంతో ఒకే ప్రశ్నని మూడు స్థాయిల్లో ఎలా తయారుచేసుకుంటాడో చూపించాడు. వచ్చిందాన్ని ఎర్రపెన్నుతో దిద్దుతూ చూపించాడు.

మధ్యాహ్నం పిల్లలతోపాటే ఎర్రజీర ఉన్న పాలక్కాడ్ మట్ట బియ్యం అన్నం, సాంబారు, క్యాబేజీ తోరన్. గింజ లావు, నమలాలి. రెండో ముద్ద నుంచి నచ్చడం మొదలైంది.

ఇక ల్యాబు. లాప్‌టాప్ తెరిస్తే కిటికీల బొమ్మ రాదు. ఉబుంటు ఆధారంగా కైట్ వాళ్లే తయారుచేసుకున్న లినక్స్ వస్తుంది. జియోజెబ్రా, జింప్, ఇంక్‌స్కేప్, లిబ్రాఫీస్, స్క్రాచ్, సైన్సు ప్రయోగాల ఫెట్, అన్నీ అందులోనే ఉంటాయి. లైసెన్సు ఖర్చు లేదు. నెట్ పోయినా పని ఆగదు. మన పల్లెటూరి బళ్లకి ఈ ఒక్క సంగతి ఎంత విలువైనదో నాకు తెలుసు. మొదట్లో ఇక్కడా విండోస్‌తోనే మొదలుపెట్టారు. టీచర్ల సంఘం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు పట్టుబట్టాకే లినక్స్‌కి మారారు. 2001లో రిచర్డ్ స్టాల్‌మన్ వచ్చి భారతదేశపు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ని ప్రారంభించింది తిరువనంతపురంలోనే. మన హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' వాళ్లు తెలుగులో లినక్స్ తీసుకురావడానికి ఏళ్ల తరబడి పాటుపడ్డారు. అది మా బడిదాకా రాలేదు.

ఒక తొమ్మిదో తరగతి పాప మలయాళంలో చకచకా టైపు చేస్తోంది. ఇక్కడ పిల్లల ఐటీ మేళాల్లో మలయాళం టైపింగ్‌కి ప్రత్యేకంగా పోటీ ఉంటుంది. మన పిల్లలు ఫోన్‌లో తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, నేనూ చాలాకాలం అలాగే కొట్టాను. మీ ఊరేదని అడిగింది. తెనాలి అన్నాను. సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెలుగు కీబోర్డు చేర్చుకుంది. తర్వాత ఎల్, జెడ్, వి, ఇ, ఎన్, ఎఫ్ మీటలు వరసగా నొక్కింది. తెరమీద 'తెనాలి' అని వచ్చింది, దీర్ఘం దగ్గర దీర్ఘం, గుడి దగ్గర గుడి. ఆ పాపకి తెలుగులో ఒక్క అక్షరం రాదు! ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చాలా భారతీయ భాషలకి ఒకే వరసలో ఉంటుంది. 'త' మలయాళంలో ఏ మీట మీద ఉందో తెలుగులోనూ అక్కడే. ఎప్పుడో చదివిన సంగతే, చదివి మర్చిపోయింది. తనకి రాని భాషలో ఒక పిల్ల మా ఊరి పేరు రాస్తుంటే చూడ్డం వేరు. ఫొటో తీసుకుంటానంటే తన ముఖం కాకుండా తెర మాత్రమే తీసుకోమంది. ఎవరూ నేర్పకుండా వచ్చే జాగ్రత్త కాదది.

ఆ పాప లిటిల్ కైట్స్ సభ్యురాలు. 2018లో మొదలైన పిల్లల ఐటీ క్లబ్బులివి. ఎన్‌.సి.సి.లాగా వీటికీ యూనిఫాం ఉంది. ఎనిమిదో తరగతిలో పరీక్ష పెట్టి తీసుకుంటారు. యానిమేషన్, ప్రోగ్రామింగ్, మలయాళం కంప్యూటింగ్, హార్డ్‌వేరు, రోబోలు నేర్పుతారు. నడిపించే టీచర్లని కైట్ మాస్టర్, కైట్ మిస్ట్రెస్ అంటారు. ప్రొజెక్టరు మొరాయిస్తే ముందు పరుగెత్తుకొచ్చేది ఈ పిల్లలే. నేనున్నప్పుడు ఒక గదిలో స్పీకరు మూగబోతే, ఒక కుర్రాడు వచ్చి తీగ తీసి, చివర చూసి, ఇంకోటి పెట్టి వెళ్లాడు. నిమిషం పట్టలేదు. మా ప్యానెల్ ఒకసారి ఆగిపోతే కంపెనీ మనిషి వచ్చేదాకా దానిమీద గుడ్డ కప్పి ఉంచాం. ముట్టుకుంటే వారంటీ పోతుందని భయం.

2025 నుంచి పదో తరగతి ఐసీటీ పుస్తకంలో రోబోటిక్స్ పిల్లలందరికీ తప్పనిసరి పాఠమైంది. మొదట చేసేది శానిటైజరు దానంతటదే పడే యంత్రం. ఒక జట్టు దాన్ని సబ్బునీళ్ల సీసాకి బిగిస్తోంది. చెయ్యి కిందపెడితే పరారుణ కాంతి తగిలి వెనక్కొస్తుంది. సెన్సర్ అది పసిగట్టి ఆర్డినో బోర్డుకి చెప్తుంది. బోర్డు చిన్న సర్వో మోటారుని తిప్పుతుంది. మోటారు తిరిగి సీసా మూతని నొక్కాలి. తిరుగుతోంది కానీ మూత నొక్కుకోవడం లేదు, బలం చాలట్లేదు. గట్టి మోటారు కావాలని ఒకడు. మోటారుకి పురికొస కట్టి మూతని కిందికి లాగుదామని ఇంకొకడు. పురికొస ఒకసారి జారింది, ఇంకోసారి చిక్కుపడింది. నేను బయల్దేరే వేళకి ఒక చుక్క సబ్బునీళ్లు పడ్డాయి. ఆ ఒక్క చుక్కకి వాళ్లు చేసిన సందడి వానచప్పుడుని మించిపోయింది.

అన్నీ బాగున్నాయని రాస్తే మీరు వెళ్లి చూసి నన్ను నమ్మరు. లాప్‌టాప్‌లు పాతబడుతున్నాయి, కొన్నింటికి బ్యాటరీ నిలవట్లేదు. ఒక్కోదాని ముందు ముగ్గురు కూర్చుంటారు. మౌస్ ఎవరి చేతిలో ఉంటే చదువు వాళ్లదే. కైట్ మిస్ట్రెస్ గంట కొట్టినట్టు "మారండి, మారండి" అంటూ తిరుగుతూనే ఉంది. ఇంకో గదిలో వీడియో పెట్టి మొదటినుంచి చివరిదాకా నడిపించారు. పిల్లల కళ్లు తెరమీద లేవు, వానమీద ఉన్నాయి. ఆ గదిలో కూర్చున్నంతసేపూ మా ఊళ్లో కూర్చున్నట్టే ఉంది. ట్యాబ్‌లలో వీడియోలు చూసి మా పిల్లలు కొందరు బాగుపడ్డారు, ఆ మేలు నేను కాదనను. కానీ పాఠం చూడ్డం దగ్గరే ఆగిపోయారు. ఆ తెర మీద తమది అని ఒక్క వస్తువు తయారుచేసిన పిల్ల నాకు మా బడిలో కనిపించలేదు. నాకు బాధ కలిగించేది అదే. మా పిల్లలకి తెలివి తక్కువై కాదు, చెయ్యనిచ్చేవాళ్లు లేక.

సాయంత్రం బస్సు కోసం మర్రి తిన్నె మీద కూర్చుంటే పక్కన ఒకావిడ. కూతురు అదే బడిలో చదివింది, 2022లో లిటిల్ కైట్స్ పిల్లలు తల్లులకి సైబర్ భద్రత నేర్పిన 'అమ్మ అరియాన్'లో తనకి పాఠం చెప్పింది కూతురేనట. బ్యాంకు నుంచని ఫోన్ చేసి ఓటీపీ అడిగినవాణ్ణి తానెలా నిలదీసిందో తమిళం కలిపి, చేతులు తిప్పుతూ చెప్పింది. పూర్తిగా అర్థం కాకపోయినా ఆ దొంగ మీద నాకే జాలేసింది.

మీరూ వెళ్తారనే ఇదంతా రాస్తున్నాను. బళ్లు జూన్ నుంచి మార్చి దాకా నడుస్తాయి. ఓణం సెలవులు చూసుకోండి. హెడ్మాస్టరుకి ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. గొడుగు మరవద్దు. పొద్దున్నే తరగతులు చూసి వచ్చెయ్యకుండా, బడి వదిలాక లిటిల్ కైట్స్ క్లాసు ఉన్న రోజు ఏదో కనుక్కుని అప్పటిదాకా ఉండండి. ఇంకొకటి. సబ్బునీళ్ల జట్టు నన్ను వదిలేముందు "మాషే, మీ పిల్లలు ఏం చేశారో చూపించండి" అని అడిగింది. నా దగ్గర చూపించడానికేమీ లేదు. మీ బడి పిల్లలు స్క్రాచ్‌లో గీసిన పిల్లిబొమ్మ ఆటైనా సరే, తెలుగులో టైపు చేసిన ఒక పేజీ కథైనా సరే, ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. వాళ్లు తప్పకుండా అడుగుతారు.